కారు మోసే ట్రైలర్ సొంతంగా కట్టడం: నా అనుభవం

ట్రైలర్ రోడ్డు మీద తిన్నగా నడుస్తుందా, తోక ఊపుతుందా అన్నది ఇనుము కొయ్యకముందే, కాగితం మీదే తేలిపోతుంది. వెల్డింగ్ ఎంత బాగా చేసినా, ఇరుసు ఒక జానెడు ముందుకు పడితే ఆ తప్పును తర్వాత దిద్దడం చాలా కష్టం. అందుకే ఈ పనిలో ఎక్కువ రోజులు టేపు, కాటా, కాలిక్యులేటర్‌తోనే గడిపాను.

నేను కట్టింది రెండు ఇరుసుల, నాలుగు చక్రాల ట్రైలర్. మోయాల్సిన కారు 1,200 కిలోలు. ట్రైలర్ సొంత బరువు 550 అనుకున్నాను. కలిపితే 1,750. ఈ మొత్తం మూడు పరిమితులకు లోబడాలి: లాగే బండి మాన్యువల్‌లో రాసినది, దాని వెనక బిగించిన టో బార్ మీద ఉన్నది, ట్రైలర్ కప్లర్ (బండిని పట్టుకునే ముందు మూతి) మీద ముద్రించినది. మూడింట్లో ఏది తక్కువైతే అదే లెక్క. రూల్సు కూడా ఇప్పుడే చూసుకోవాలి. వెడల్పు ఎంతవరకు, ఏ బరువు నుంచి బ్రేకులు తప్పనిసరి, ఇంట్లో కట్టిన ట్రైలర్‌కి ఎలాంటి తనిఖీ, ఛాసిస్ నంబరు ఎక్కడ కొట్టాలి అన్నవి దేశానికో రకంగా ఉంటాయి. అంతా అయ్యాక వెడల్పు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువని తేలితే ఫ్రేమ్ కొయ్యడం తప్ప దారుండదు.

1,750 కిలోలను ఒక్క ఇరుసు మీద కూడా మోయించవచ్చు. అయినా రెండు పెట్టాను. ఒక టైరు పగిలినా ట్రైలర్ ఒరిగిపోదు, గుంతల్లో ముందుకీ వెనక్కీ ఎగరడం తగ్గుతుంది. దీనికీ ఒక ఇబ్బంది ఉంది: మలుపుల్లో టైర్లు రోడ్డును రాసుకుంటాయి, ఖాళీ ట్రైలర్‌ని చేత్తో తిప్పాలంటే నడుం పట్టేస్తుంది. టైర్లు 185 ఆర్ 14 సి వేశాను. వీటి లోడ్ ఇండెక్స్ 102, అంటే టైరుకు 850 కిలోలు. మామూలు కారు టైర్లు ఈ పనికి వద్దు. వాటి పక్కగోడలు మెత్తగా ఉంటాయి, ట్రైలర్ ఊగడానికి అదీ ఒక కారణమవుతుంది.

ఇక అసలు లెక్క. టో బార్ చివర కప్లర్ కూర్చునే గుండ్రటి బాల్ మీద ట్రైలర్ మూతి కిందికి నొక్కే బరువును నేను మూతి బరువు అంటాను. ఎడ్లబండికి బస్తాలు ఎక్కించేవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు: వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్‌లో అదే జరిగితే లాగే బండి వెనక చక్రాల పట్టు తగ్గుతుంది, వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ పాము మెలికలు తిరుగుతుంది. మూతి బరువు మరీ ఎక్కువైతే బండి వెనక కుంగి, ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మొద్దుబారుతుంది. మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం మూతి మీద ఉండేలా చూసుకున్నాను, టో బార్ ఒప్పుకునే గరిష్ఠానికి లోపలే. కొన్ని బార్లు 75 కిలోలే ఒప్పుకుంటాయి. అది ముందే చదవాలి.

బాల్ మధ్యబిందువును సున్నా అనుకుని అన్ని దూరాలూ అక్కడినుంచి కొలిచాను. కారు నిలిచే బల్ల 1.3 మీటర్ల దగ్గర మొదలై 5.5 దగ్గర ముగుస్తుంది, అంటే 4.2 మీటర్ల పొడవు. ఖాళీ ట్రైలర్ గరిమనాభి 3.3 మీటర్ల దగ్గర పడింది. దీనికి ప్రతి ముక్క బరువునీ దాని దూరంతో గుణించి, కూడి, మొత్తం బరువుతో భాగించాలి. కారు ముందు చక్రాలు మాత్రమే కాటా మీదికి ఎక్కించి తూస్తే 720 కిలోలు, వెనక చక్రాల మీద 480. చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లు. వెనక వాటా 40 శాతం కాబట్టి కారు గరిమనాభి ముందు చక్రాల నుంచి 1.0 మీటరు వెనక ఉంది. ముందు చక్రాలు 2.4 మీటర్ల దగ్గర నిలబడితే కారు గరిమనాభి 3.4 దగ్గరికి వస్తుంది.

550ని 3.3తో గుణిస్తే 1,815. 1,200ని 3.4తో గుణిస్తే 4,080. కలిపితే 5,895. మూతి మీద 140 కిలోలు కావాలంటే ఇరుసుల మీద 1,610 పడాలి. 5,895ని 1,610తో భాగిస్తే 3.66. రెండు ఇరుసుల నడిమి గీత బాల్ నుంచి 3.66 మీటర్ల దగ్గర ఉండాలన్నమాట. ఇరుసుల మధ్య ఎడం 0.8 మీటర్లు, కాబట్టి ఒకటి 3.26 దగ్గర, ఇంకొకటి 4.06 దగ్గర వచ్చాయి.

అంతటితో ఆపకుండా అదే లెక్కను మరో రెండుసార్లు వేయాలి. ఖాళీగా ఉన్నప్పుడు మూతి బరువు 54 కిలోలు వస్తుంది, పర్వాలేదు. కారు 30 సెంటీమీటర్లు వెనక నిలబడితే? 140 ఉన్నది 41కి పడిపోతుంది. ఒక మూర కూడా లేని తేడాకు దాదాపు 100 కిలోలు పోయాయి. ఈ అంకె చూశాకే బల్ల మీద ముందు చక్రాలు ఆగే చోట ఒక అడ్డుపట్టీ పెట్టాలని నిర్ణయించుకున్నాను. కంటి అంచనాతో ఆపే పని కాదిది. వేరే కారు మోయాల్సి వస్తుందేమోనని ఆ పట్టీని మూడు చోట్ల బోల్టు వేసుకునేలా రంధ్రాలు పెట్టాను. ఇంజిన్ ముందున్న కారును వెనక్కి తిప్పి ఎక్కించినా చెల్లుతుంది, కానీ అప్పుడు చక్రాలు ఆగాల్సిన చోటు మారుతుంది: ఈ కారుకైతే వెనక చక్రాలు 1.9 మీటర్ల దగ్గరికి రావాలి.

ఫ్రేమ్‌కి రెండు పెద్ద పట్టీలు 100×50×4 మి.మీ. దీర్ఘచతురస్రపు గొట్టంతో వేశాను. మీటరుకు 8.7 కిలోల దాకా ఉంటుంది. దీని బలం ఎక్కడ పరీక్షకు వస్తుందో మొదట తప్పుగా ఊహించాను. రోడ్డు గుంతల్లో అనుకున్నాను. లెక్క వేస్తే వేరే తేలింది. కారు ఎక్కేటప్పుడు దాని ముందు చక్రాలు బల్ల వెనక అంచు మీదికి వచ్చిన క్షణంలో ఒక్కో పట్టీ చివర 360 కిలోలు వేలాడతాయి. వెనక కమాన్ కట్ట (పలకల స్ప్రింగు) చివరి బ్రాకెట్ అక్కడికి 1.1 మీటర్ల దూరం. 360×1.1 అంటే దాదాపు 396 కిలోగ్రాం-మీటర్ల వంపు బలం. ఆ గొట్టానికి సెక్షన్ మాడ్యులస్ (ఆకారాన్ని బట్టి వంపును తట్టుకునే కొలత) సుమారు 27 ఘన సెంటీమీటర్లు, కాబట్టి ఇనుములో ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 144 న్యూటన్ల దగ్గరికి వస్తుంది. 250 దగ్గర లొంగే మామూలు మైల్డ్ స్టీల్‌కి ఇది సరిపోతుంది కానీ చేతిలో మిగిలేది పెద్దగా ఉండదు. అదే రోడ్డు మీద, కారు తన చోట నిలబడి ఉన్నప్పుడు, వెనక భాగంలో పడేది దాదాపు 120 కిలోగ్రాం-మీటర్లే. గుంతల కుదుపుకు దాన్ని రెండున్నర రెట్లు చేసినా ఎక్కించేటప్పటి అంకెను దాటదు.

1,500 కిలోల కారు మోయాలంటే నేనైతే 120×60×4 వాడతాను. దాని మాడ్యులస్ 40కి దగ్గర, మీటరుకు బరువు రెండు కిలోలు కూడా పెరగదు. ఎత్తు పెంచడం వల్ల వచ్చే లాభం మందం పెంచితే రాదు.

నొగలు, అంటే ముందు కప్లర్ దగ్గర కలిసి వెనక్కి విడిపోయే రెండు గొట్టాలు, బల్ల మొదటి అడ్డపట్టీకి తగిలి ఆగిపోకూడదు. చాలా ట్రైలర్లు విరిగేది సరిగ్గా అక్కడే. మొత్తం మూతి బరువు, బ్రేకు కొట్టినప్పటి తోపు, మలుపుల్లో పక్కకు లాగే బలం, అన్నీ ఆ ఒక్క అతుకు మీదే పడతాయి. నొగలను ఫ్రేమ్ కిందుగా లోపలికి పొడిగించి, పెద్ద పట్టీలను కలిసేదాకా తీసుకెళ్లాను. మొదటి అడ్డపట్టీకి ఒకసారి, పెద్ద పట్టీకి ఇంకోసారి అతుకు పడుతుంది. బలం ఒకచోట గుమిగూడకుండా రెండు చోట్లకు పంచుకుంటుంది.

వెల్డింగ్‌లో ముఖ్యమైన సంగతి ఒకటుంది. వంగే పట్టీ సాగే వైపున, పట్టీకి అడ్డంగా వెల్డ్ వేయకూడదు. సాగే వైపున అడ్డంగా ఉన్న వెల్డ్ అంచు నుంచే పగులు పుడుతుంది. బ్రాకెట్లను పట్టీ పొడవునా సాగే వెల్డ్‌తో అతికించి, చివర్లలో 10 మి.మీ. వదిలేయాలి. బలం కోసం పలక వేస్తే దాన్ని నలుచదరంగా కాకుండా వజ్రాకారంలో కొయ్యాలి, వెల్డ్ చివర్లన్నీ ఒకే గీత మీద పడకుండా.

ఫ్రేమ్‌ని మట్టంగా ఉన్న నేల మీద ఆరు స్టాండ్ల మీద పరిచి, ముందు టాక్ (చిన్న తాత్కాలిక అతుకులు) వేశాను. మూలమట్టం చిన్న కొలతల్లోనే పనికొస్తుంది. నాలుగు మీటర్ల ఫ్రేమ్‌లో రెండు కర్ణాలూ కొలిచి, తేడా 3 మి.మీ. లోపు తేవాలి. ఆ తర్వాత పూర్తి వెల్డింగ్. ఒక మూల 50 నుంచి 75 మి.మీ. వేసి ఎదుటి మూలకి వెళ్లాలి, మళ్లీ తిరిగి రావాలి. ఒకే వైపు మొత్తం కానిచ్చేస్తే చల్లారేటప్పుడు ఆ వైపు కుంచించుకుపోయి పట్టీ విల్లులా వంగుతుంది. నేను మొదటి పట్టీకి అడ్డపట్టీల పైవైపు వెల్డులన్నీ వరసగా వేసి, మధ్యలో 6 మి.మీ. వంపు తెచ్చుకున్నాను. అవతలి వైపు వెల్డులతో కొంత సరయింది, మిగతాది వేడిచేసి లాగాల్సి వచ్చింది. రాడ్‌తో చేసేవాళ్లు 7018 రకం వెల్డింగ్ రాడ్ వాడితే అది పొడిగా ఉండాలి. తేమ పట్టిన రాడ్ వేసిన అతుకు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల హైడ్రోజన్ చేరి తర్వాత పగుళ్లిస్తుంది.

అడ్డపట్టీలు 80×40×3 గొట్టం, 600 మి.మీ.కి ఒకటి. కారు చక్రాలు నిలిచే చోట్ల అదనంగా ఒక్కొక్కటి. గొట్టాల చివర్లు మూసేయాలి, లేకపోతే లోపల నీరు చేరి లోపలినుంచే తినేస్తుంది. జింక్ పూత వేయించే ఆలోచన ఉంటే మాత్రం ప్రతి మూసిన గొట్టానికీ గాలి, జింక్ పోయే రంధ్రాలు పెట్టాలి. 450 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న జింక్‌లో మూసిన గొట్టం ముంచితే లోపలి తేమ ఆవిరై గొట్టం పేలుతుంది. ఇది ప్రాణం మీదికి తెచ్చే సంగతి.

ఇరుసులు బిగించేటప్పుడు కొలిచేది ఫ్రేమ్ అంచు నుంచి కాదు, బాల్ మధ్యబిందువు నుంచి. కప్లర్ నడుమ ఒక మేకు నిలబెట్టి, స్టీలు టేపుతో ఇరుసు ఎడమ చివరకీ కుడి చివరకీ కొలవాలి. తేడా 2 మి.మీ. దాటకూడదు. మొదటి ఇరుసు సరయ్యాక రెండోదాన్ని దానికి సమాంతరంగా రెండు వైపులా కొలిచి బిగించాలి. ఇక్కడ 5 మి.మీ. పోయినా ట్రైలర్ ఏటవాలుగా పక్కకు నడుస్తుంది, టైర్ల అంచు రంపం పట్టినట్టు అరుగుతుంది. నేను బ్రాకెట్లు టాక్ మీదే ఉంచి మూడుసార్లు కొలిచాను.

కమాన్ కట్టలా, రబ్బరు టోర్షన్ ఇరుసులా అన్న ప్రశ్న అందరికీ వస్తుంది. నేను కమాన్ కట్టలు వేసి, మధ్యలో ముందు కట్టనీ వెనక కట్టనీ కలిపే ఊగే పిడి పెట్టాను. ఒక చక్రం గుంతలోకి దిగితే రెండోది ఆ బరువు పంచుకుంటుంది. టోర్షన్ ఇరుసుల్లో ఆ పంపకం లేదు. ట్రైలర్ మూతి ఎత్తుగా ఉంటే వెనక ఇరుసే ఎక్కువ మోస్తుంది, దాని టైర్లు ముందు పోతాయి. టోర్షన్ వాడేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి: ఆ గొట్టం దగ్గర వెల్డ్ పెట్టకూడదు, లోపలి రబ్బరు మాడిపోతుంది. బోల్టులతోనే బిగించాలి.

హబ్ బేరింగులు బిగించే పద్ధతి చిన్నదే కానీ చాలామంది దగ్గర తప్పుతుంది. చక్రం తిప్పుతూ నట్టు బిగిస్తూ పోవాలి, రోలర్లు సర్దుకుంటాయి. తర్వాత నట్టు పూర్తిగా వదులు చేసి, వేళ్లతో తగిలేంత మాత్రమే బిగించి పిన్ను వేయాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లేశమంత కదలిక తెలియాలి. అసలు కదలకుండా బిగిస్తే మొదటి ప్రయాణంలోనే మాడుతుంది.

బ్రేకులకు ఓవర్‌రన్ పద్ధతి పెట్టాను. లాగే బండి బ్రేకు వేసినప్పుడు ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది, కప్లర్ లోపలి కడ్డీ వెనక్కి జరుగుతుంది, అది రాడ్‌ని లాగుతుంది, రాడ్ చివరి తూకపు పట్టీ కేబుళ్లను లాగుతుంది. దీన్ని సర్దేటప్పుడు ఎప్పుడూ డ్రమ్ము దగ్గర మొదలుపెట్టాలి. రాడ్, కేబుళ్లు వదులుగా ఉంచి, చక్రాన్ని ముందుకే తిప్పుతూ షూలు రాసుకునేదాకా బిగించి, మళ్లీ స్వేచ్ఛగా తిరిగేదాకా వదలాలి. వెనక్కి తిప్పకూడదు, రివర్సులో బ్రేకు విడిచే ఏర్పాటు అందులో ఉంటుంది, కొలత తప్పుతుంది. నాలుగు చక్రాలూ అయ్యాక కేబుళ్ల వదులు, చివరగా రాడ్ వదులు తీయాలి. తిరగేసి చేస్తే, అంటే రాడ్ దగ్గరే వదులంతా లాగేస్తే, హ్యాండ్ బ్రేకు బ్రహ్మాండంగా పట్టినట్టే ఉంటుంది. పది కిలోమీటర్లు పోయాక డ్రమ్ములు ముట్టుకోలేం. తూకపు పట్టీ కూడా చూడాలి. హ్యాండ్ బ్రేకు లాగినప్పుడు అది రాడ్‌కి సరిగ్గా అడ్డంగా నిలవాలి. ఒక వైపు ఒరిగితే ఆ ఎదుటి కేబుల్ ముందే బిగిసిందని అర్థం.

బ్రేక్‌అవే కేబుల్‌ని బాల్ మెడకు ఊరికే చుట్టకుండా, బార్‌కి ఉన్న కన్నానికి తగిలించాలి. కప్లర్ ఊడితే ఆ కేబుల్ హ్యాండ్ బ్రేకును లాగి, తర్వాత తెగాలి. మరీ పొట్టిగా ఉంటే మలుపులోనే బ్రేకు పడుతుంది, నేల మీద ఈడ్చేంత పొడవుంటే అరిగి అవసరమైనప్పుడు ఉండదు.

కప్లర్ ఎత్తు సంగతి. బరువుతో ఉన్నప్పుడు ట్రైలర్ మట్టంగా నిలవాలి. అందుకని బండి వెనక కుంగేదాన్ని కూడా లెక్కలో పెట్టుకుని బాల్ ఎత్తుకు సరిపోయేలా నొగలు అమర్చాలి. బాల్ కొలత 50 మి.మీ.యా, 2 అంగుళాలా అన్నది కప్లర్ మీద చూసుకోవాలి. 0.8 మి.మీ. తేడాయే కదా అని సరిపెట్టకూడదు.

బల్ల వెడల్పు 1.9 మీటర్లు. చక్రాలు దాని పక్కన ఉంటాయి, కింద కాదు. చక్రాల మీద బల్ల కడితే వెడల్పు బాధ తీరుతుంది కానీ ఎత్తు పెరుగుతుంది, కారు బరువు పైకి పోతుంది. పక్కన పెట్టినందుకు వచ్చే చిక్కు తలుపు. టైరు ఎత్తు 650 మి.మీ., పైన కమాన్ ఆడటానికి 80 వదిలితే మడ్‌గార్డు పై అంచు దాదాపు 750 దగ్గర ఉంటుంది. బల్ల 500 ఎత్తులో ఉంటే మడ్‌గార్డు బల్లకు జానెడుకు పైనే లేస్తుంది. చాలా కార్ల తలుపు అడుగు అదే ఎత్తులో ఉంటుంది. డ్రైవర్ వైపు మడ్‌గార్డును నాలుగు బోల్టులతో ఊడేలా పెట్టాను. దాని మీద నిలబడి పని చేసే అలవాటున్నవాళ్లు లోపల ఒక గొట్టం ఆధారం పెట్టుకోవాలి.

చక్రాలు నడిచే రెండు బాటలకీ 3 మి.మీ. చెక్కర్ ప్లేటు వేశాను, ఒక్కోటి 500 మి.మీ. వెడల్పు. రెండూ కలిపి 105 కిలోల దాకా అయింది. మధ్యభాగం ఖాళీ. దానికీ ప్లేటు వేస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ ఇంచుమించు అంతే బరువు ఊరికే మోయాలి. ఖాళీగా ఉంటే కారు అడుగుకు చెయ్యి కూడా పోతుంది. ప్లేటును అంచులంతా ఏకధాటిగా వెల్డ్ చేస్తే అప్పడంలా ఉబ్బుతుంది. 150 మి.మీ.కి 30 మి.మీ. చొప్పున వేసి, మిగతా సందును సీలెంట్‌తో నింపాను.

ర్యాంపుల వాలు చాలామంది తక్కువ అంచనా వేస్తారు. బల్ల ఎత్తు 500 మి.మీ., ర్యాంపు 2 మీటర్లు అయితే వాలు 14.5 డిగ్రీలు. ఎత్తు తక్కువున్న కార్ల ముందు బంపరు అక్కడ నేలకు రాసుకుంటుంది. బల్ల చివరి భాగాన్ని కిందికి వాల్చి అంచు ఎత్తును 400కి తెస్తే, అదే ర్యాంపుతో వాలు 11.5కి దిగుతుంది. ఆ మూడు డిగ్రీలతోనే నా పని తేలికయింది. మరీ ఎక్కువ వాల్చకూడదు, స్పీడ్ బ్రేకర్ల మీద తోక నేలకు తగులుతుంది. ర్యాంపు పై కొక్కెం బల్ల అంచులోని గొట్టంలో పడి, పిన్నుతో లాక్ కావాలి. ఊరికే ఆనించిన ర్యాంపును నడిచే చక్రం వెనక్కి తన్నేస్తుంది.

వెనక రెండు మూలల్లో కిందికి దింపే కాళ్లు తప్పనిసరి. ముందు చెప్పిన 720 కిలోలు అంచు మీదికి వచ్చినప్పుడు ఇరుసులు తక్కెడ ముల్లులా పనిచేస్తాయి. మూతి దాదాపు 360 కిలోల బలంతో పైకి లేవాలని చూస్తుంది. దాని సొంత 54 తీసేసినా 300 పైనే మిగులుతుంది. అది లాగే బండి వెనక భాగాన్ని ఎత్తుతుంది. చాలా బండ్ల హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే కాబట్టి, ఆ చక్రాల పట్టు పోతే బండీ ట్రైలరూ కలిసి జారతాయి. కాళ్లు దింపి, లాగే బండి చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ఆ తర్వాతే కారు ఎక్కించాలి. కాళ్లు దింపితే పట్టీల మీద పడే వంపు బలం కూడా చాలావరకు పోతుంది.

కారును తాడుతో పైకి లాగే వించి ఎంత కావాలి? 11.5 డిగ్రీల వాలు మీద 1,200 కిలోల కారును లాగడానికి 240 కిలోల బలం, చక్రాల రాపిడి అదనం. గాలిలేని టైరు, పట్టేసిన బ్రేకు ఉన్న కారైతే ఇది ఎన్నో రెట్లు. అందుకని 900 కిలోల వించి పెట్టాను. దాని మీద రాసిన అంకె డ్రమ్ము మీద మొదటి చుట్టుకే వర్తిస్తుంది, చుట్లు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. ఒకటి గట్టిగా చెప్పాలి: వించి తాడు కారును పట్టి ఉంచే కట్టు కాదు. ఎక్కించడం అయ్యాక దాని పని అయిపోయినట్టే.

కట్టడానికి నాలుగు చక్రాలకీ నాలుగు రాచెట్ పట్టాలు, 50 మి.మీ. వెడల్పువి, టైరు మీదుగా. కారు బాడీకి కట్టితే దాని సొంత స్ప్రింగులు ఆడిన ప్రతిసారీ పట్టా వదులై బిగుసుకుంటుంది, చివరికి కొక్కెం జారుతుంది. చక్రాన్ని కట్టితే పైన బాడీ తనపాటికి ఆడుకుంటుంది. ముందుకు తోసే బలానికి బరువులో 80 శాతం, పక్కలకూ వెనక్కీ 50 శాతం ఆపేలా కట్టాలన్నది యూరప్ ప్రమాణం. 1,200 కిలోల కారుకు ముందు వైపు 960 కిలోలు. పట్టాల కొక్కేలు తగిలించే డి రింగులను చెక్కర్ ప్లేటుకు కాదు, కింది అడ్డపట్టీకి వెల్డ్ చేయాలి. 3 మి.మీ. ప్లేటు ఆ లాగుడుకు కాగితంలా చిరుగుతుంది.

వైరింగులో వచ్చే తిప్పలు ఎక్కువగా ఎర్తుకు సంబంధించినవే. ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు మసకగా వెలిగి ఆరుతుంటే, బల్బు మార్చకుండా తెల్ల వైరు చూడాలి. బాల్, కప్లర్ ఇనుమే ఎర్తు అని వదిలేస్తే గ్రీజు అడ్డుపడుతుంది. 2.5 చదరపు మి.మీ. తెల్ల వైరును ప్లగ్గు నుంచి ప్రతి లైటుకీ విడిగా లాగాను. 12 వోల్టుల 7 పిన్నుల ప్లగ్గులో యూరప్ వరస ఇది: పసుపు ఎడమ ఇండికేటర్, నీలం వెనక ఫాగ్ లైటు, తెలుపు ఎర్తు, ఆకుపచ్చ కుడి ఇండికేటర్, గోధుమ కుడి టెయిల్, ఎరుపు బ్రేకు, నలుపు ఎడమ టెయిల్. అమెరికా వరస వేరు.

అంతా అయ్యాక కాటా మీద ఖాళీ ట్రైలర్ 572 కిలోలు తూగింది, అంచనాకు 22 ఎక్కువ. తర్వాత కారు ఎక్కించి మూతి బరువు కొలిచాను. ఇంట్లో బరువు చూసుకునే కాటా 150 దాకానే చూపిస్తుంది, 140 దాని చివరి అంచు. అందుకని ఒక మందపాటి దూలం ఒక కొన కాటా మీద, ఇంకో కొన ఇటుక మీద పెట్టి, ఇటుక వైపు నుంచి మూడో వంతు దగ్గర కప్లర్‌ని దించాను. కాటా చూపించేది అసలు బరువులో మూడో వంతు. దూలం బరువు వల్ల వచ్చే అంకెను ముందే చూసుకుని తీసేయాలి. 47 వచ్చింది, అంటే 141. కప్లర్ అప్పుడు బాల్ ఎత్తులోనే ఉండాలి, మూతి వంచి కొలిస్తే అంకె మారుతుంది.

మొదటి ప్రయాణం మెల్లగా, 20 కిలోమీటర్లు. ఆగి నాలుగు హబ్బులనూ చేత్తో తాకి చూడాలి. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే బేరింగో బ్రేకో బిగుసుగా ఉన్నట్టు. పట్టాలు అప్పటికే సర్దుకుని వదులవుతాయి, మళ్లీ బిగించాలి. 50 కిలోమీటర్ల దగ్గర చక్రాల నట్లు టార్క్ రెంచితో ఇంకోసారి. కొత్త రిమ్ముకు పెయింట్ మందంగా ఉంటే అది నలిగి నట్టు వదులవుతుంది. వేగం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఏ వేగం దగ్గరైనా తోక ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఉండాలి. ఊపుకు ఎదురు తిప్పితే ఊపు పెరుగుతుంది. ఆగాక కారును ముందుకు జరపాలి.

నొగలు మొదటి అడ్డపట్టీని కలిసే చోటుకు నేను వేరే రంగు వేశాను, లేత పసుపు. ప్రతి వెయ్యి కిలోమీటర్లకీ అక్కడ తడిగుడ్డతో తుడిచి చూస్తాను. పగులు మొదట పగులులా కనపడదు. వెల్డ్ అంచు వెంబడి వెంట్రుకంత సన్నటి తుప్పు గీతలా వస్తుంది, తుడిస్తే పోతుంది, మళ్లీ ఒక వానకు అదే చోట తేలుతుంది. లేత రంగు మీద ఆ గీత దాగదు. కనపడిన రోజే ట్రైలర్ ఆపేసి, గీత చివర్ల దాకా గ్రైండర్‌తో గాడి తీసి, మళ్లీ వెల్డ్ చేయాలి. పైన ఇంకో పూత వెల్డ్ వేస్తే పగులు కిందే ఉండి నడుస్తూనే ఉంటుంది.